శ్రీకాకుళంలో 60 అడుగుల హ్యామ్ టవరు కట్టించుకున్నాను: వెల్డింగ్ షాపు పనితనంపై సమీక్ష

శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస వెళ్లే రోడ్డులో గేట్లు, గ్రిల్లులు, రేకుల షెడ్లకు ట్రస్సులు చేసే ఒక వెల్డింగ్ షాపు చేత నేను, లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడుపుకునే నా హ్యామ్ రేడియోకు 60 అడుగుల టవరు చేయించుకుని మూడు వర్షాకాలాలు దాటాయి. టవరు నిలబడిన వారానికే సమీక్ష రాస్తే అది షాపు మీద మెచ్చుకోలే అయ్యేది. ఉప్పుగాలి, తుప్పు, వదులైన తీగలు చూశాక రాస్తే అందులో నిజం కాస్త ఎక్కువ ఉంటుందని ఇన్నాళ్లు ఆగాను. షాపు పేరు రాయడం లేదు. లోపాలు కూడా రాయబోతున్నానన్నది ఒక కారణమైతే, యజమానే వద్దనడం రెండోది. "అందరూ టవర్లే అడిగితే మా గేట్లెవడు సేత్తాడండి మాస్టారూ" అన్నాడాయన.

నేను భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్‌ని. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం పరీక్ష పెట్టి ఇచ్చే అమెచ్యూర్ (హ్యామ్) లైసెన్సు నాకు చాలాకాలంగా ఉంది. ఇల్లు గార మండలంలో, సముద్రానికి అయిదారు కిలోమీటర్ల దూరంలో. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు, నా డాబా మీద 30 అడుగుల నీళ్ల పైపుకు కట్టిన యాంటెన్నా పైపుతో సహా నడుము విరిగి పెరటి జామచెట్టు మీద వాలింది. కరెంటు, సెల్‌ఫోన్లు రెండూ పోయి, రేడియో నిజంగా పనికొచ్చే ఆ నాలుగు రోజులూ బ్యాటరీ నిండుగా ఉండి కూడా నేను రేడియోలో మాట్లాడలేకపోయాను. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటిన రాత్రి, ఇక ఈ పైపులతో లాభం లేదని నిశ్చయించుకున్నాను.

సెల్ టవర్లు కట్టే కాంట్రాక్టర్లను ముందు అడిగాను. ఇంత చిన్న పని వారికి గిట్టదు. దూరపు నగరాల నుంచి రెడీమేడ్ టవరు తెప్పిస్తే లారీ కిరాయి ఇనుము ఖరీదుతో పోటీ పడుతోంది. అలా ఈ షాపుకు చేరాను.

నేను ఇచ్చిన డ్రాయింగు పెద్ద సంక్లిష్టమైనదేమీ కాదు. త్రికోణాకారపు జాలీ టవరు, మూడు కాళ్లకు ఒక అంగుళం మీడియం క్లాసు పైపు, మధ్యలో వంకీలు తిరుగుతూ పోయే 12 మిల్లీమీటర్ల రాడ్డు, పది అడుగుల భాగాలు ఆరు, ప్రతి భాగం చివర ప్లేటుకు బోల్టులు. అయితే దానితోపాటు గాలి లెక్క ఒకటి రాసిచ్చాను. భవనాల మీద గాలి ఒత్తిడికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలోని పటం ప్రకారం మన ఉత్తరాంధ్ర తీరం సెకనుకు 50 మీటర్ల గాలివేగం పరిధిలోకి వస్తుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల తోపుడు పడుతుంది. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది గనుక, మామూలు ఈదురుగాలికి చెక్కుచెదరని కట్టడం తుఫానుకు నిలుస్తుందనుకోవడానికి వీల్లేదు. 2015 నాటి సవరణలో, తీరానికి 60 కిలోమీటర్ల లోపల, తుఫాను తర్వాత కూడా పనిచేయాల్సిన నిర్మాణాలకు గాలివేగాన్ని ఇంకా 1.30తో గుణించమన్నారు. యజమాని కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి మాస్టారూ, గేటుకి లేని రూల్సు దీనికేటి?" అన్నాడు. ఈ ఒక్క ప్రశ్నలో ఆ షాపు బలమూ బలహీనతా రెండూ ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. చెప్పిన పని వారు గేటు చేసినంత శ్రద్ధగా చేస్తారు. చెప్పని పని కూడా గేటుకు చేసినట్టే చేస్తారు.

ముందుగా బలం గురించి రాస్తాను. పైపులు కోసి నేరుగా అతికించకుండా, ఆ షాపులోని పెద్ద మేస్త్రీ రెండు రోజులు వెచ్చించి ఇనుప ఛానెల్‌తో ఒక అచ్చు తయారుచేశాడు. మూడు పైపులనూ అందులో బిగించాకే రాడ్డు అతికించాడు. అంతకంటే నాకు నచ్చింది ప్లేట్ల విషయంలో ఆయన చూపిన జాగ్రత్త. ఒక భాగం పైప్లేటునూ, దాని మీద కూర్చోబోయే భాగం కిందిప్లేటునూ ముందే బోల్టులతో బిగించి, ఆ జంటను విడదీయకుండానే రెండు వైపులా వెల్డింగ్ చేశాడు. తర్వాత విప్పి, ఏ కాలు ఏ కాలి మీదికి రావాలో పంచ్‌తో చుక్కలు కొట్టి గుర్తుపెట్టాడు. ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు. వేడికి ఇనుము కొంత వంకర పోతుంది, కానీ ఇలా చేస్తే రెండు ముఖాలూ ఒకేలా పోతాయి. ఇది నేను చెప్పింది కాదు, ఆయనకు చేతి అలవాటుగా వచ్చిన విద్య. ఆరు భాగాలూ నిలబెట్టే రోజున ఒక్క బోల్టు కూడా సుత్తి దెబ్బ అడగలేదు.

పైపు విషయంలో మాత్రం వాదన జరిగింది. జింకు పూత ఉన్న జీఐ పైపు తెచ్చి అతికించి, అతుకుల మీద సిల్వర్ పెయింటు వేస్తే సరిపోతుందని యజమాని సలహా. చౌకే, కాని అతుకు దగ్గర జింకు మాడిపోతుంది, సరిగ్గా తుప్పు మొదలయ్యే చోటే రక్షణ లేకుండా పోతుంది. పైగా ఆ జింకు పొగ పీల్చిన వెల్డరుకు రాత్రికి చలిజ్వరం వస్తుందని ఆయనకే బాగా తెలుసు. చివరకు పూత లేని నల్ల పైపుతో మొత్తం చేసి, ఆ తర్వాత విశాఖ పంపి కరిగిన జింకులో ముంచి తెప్పించడానికి ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాడు గాని, అలా ముంచడానికి ఏమేం కావాలో ఆ గాల్వనైజింగు ప్లాంటు వారిని అడగలేదు. ఆరు భాగాలూ ఆటోలో విశాఖ వెళ్లి, దింపిన ఆటోలోనే తిరిగొచ్చాయి. పైపుల రెండు చివరలా ప్లేట్లు మూసి అతికించి ఉన్నాయి, గాలి పోయే రంధ్రాలు లేవు. 450 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న జింకులో అలాంటి పైపు ముంచితే లోపల చిక్కిన తేమ ఆవిరై పైపు పేలిపోవచ్చు. తొట్టి పక్కన నిలబడ్డ మనిషి మీద కరిగిన లోహం చిమ్ముతుంది. ప్లాంటు వారు వెనక్కి పంపడం నూటికి నూరుపాళ్లూ న్యాయమే. ఇంకో సంగతి కూడా వారే చూపించి పంపారట. అతుకుల మీద వెల్డింగ్ పెచ్చు పూర్తిగా దులపలేదు. పెచ్చును యాసిడ్ తొట్టి తినదు, దాని మీద జింకూ అంటదు, అక్కడ నల్లటి బోడి మచ్చ మిగిలిపోతుంది. షాపులో మళ్లీ కూర్చుని ప్రతి కాలికీ రెండు చివరలా రంధ్రాలు వేసి, పెచ్చులు చిప్పింగ్ సుత్తితో రాల్చి, వైరు బ్రష్షు కొట్టి రెండోసారి పంపారు. పది రోజులు ఆలస్యం. ఆటో కిరాయి చెరిసగం వేసుకున్నాం. మొత్తం ఆయనే భరించాలన్నది నా అభిప్రాయం, కాని బేరానికి కూర్చోలేదు. రెండోసారి వచ్చిన సరుకు మాత్రం ముచ్చటగా ఉంది. అతుకుల్లో వేలు పెట్టి తడిమితే ఎక్కడా గరుకు తగల్లేదు.

పునాది పని ఈ షాపు నేరుగా చేయదు, తనకు తెలిసిన తాపీమేస్త్రీకి అప్పగిస్తుంది. ఇక్కడ గేటు స్తంభం ఆలోచన పూర్తిగా బయటపడింది. టవరు కింద అయిదడుగుల పెద్ద గొయ్యి, చుట్టూ మూడు వైపుల లాగుడు తీగలకు ఒక్కో అడుగున్నర గుంట. ఇలా లాగుడు తీగలతో, అంటే స్టే తీగలతో నిలిచే టవరుకు ఇది తలకిందుల లెక్క. టవరు కాలు ప్రధానంగా కిందికి నొక్కుతుంది, దానికి మోస్తరు దిమ్మె చాలు. పైకి పీకేసే బలమంతా ఆ తీగలను నేలకు పట్టి ఉంచే యాంకర్ల మీద పడుతుంది. ఆ బలాన్ని పట్టేది కాంక్రీటు బరువు ఒక్కటే కాదు, దాని మీద కప్పిన మట్టి బరువు కూడా. మాది ఇసుకపాలు ఎక్కువున్న నేల, అందుకని నాలుగడుగుల లోతు తవ్వించి, అడుగున అడ్డంగా వెడల్పాటి దిమ్మెలు పోయించాను. తాపీమేస్త్రీ మంచివాడు, చెప్పగానే అర్థం చేసుకున్నాడు, కూలి మాత్రం మళ్లీ మాట్లాడాల్సి వచ్చింది. వారం తిరక్కుండానే టవరు ఎత్తేద్దామని షాపువారు తొందరపెట్టారు. ఏడు రోజులకు కాంక్రీటుకు వచ్చేది మూడింట రెండు వంతుల బలమే గనుక 28 రోజులూ తడిపించాను. ఈలోగా ఊళ్లో "మాస్టారు సెల్ టవరు వేయిస్తున్నారట, నెలకు అద్దె ఎంతొస్తదో" అన్న మాట పుట్టింది. దాన్ని తుడిచేయడానికి 28 రోజులు చాలలేదు.

ఇక ఎత్తిన రోజు. ఈ షాపు నుంచి నేను కొన్నవాటిలో అత్యుత్తమమైనది ఆ ఒక్క రోజు పని. యజమాని తెచ్చిన నలుగురు కళాసీలకు గుళ్లలో ధ్వజస్తంభాలు ఎత్తిన అనుభవం ఉంది. దిమ్మె దగ్గర కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ పెట్టి, మొదటి భాగం చేతులతోనే నిలబెట్టారు. ఆ పైన ప్రతి భాగానికీ, అప్పటికే నిలిచిన టవరు పక్కన ఒక పైపు గడ కట్టి, దాని కొనకు కప్పీ వేలాడదీసి, తాడుతో పైకి లాగారు. మా హ్యాములు దీన్ని జిన్ పోల్ అంటారు, వారు వట్టిగా గడ అన్నారు. రెండు భాగాలు పూర్తవగానే మూడు వైపులా తాత్కాలికంగా తాళ్లు బిగించి, కళాసీల్లో పెద్దాయన రెండు దిక్కుల నుంచి గుండుదారంతో నిలువు చూశాడు. వేలు వాసి తేడా ఉంటే పై భాగం ఎత్తనివ్వలేదు. పైన ఉన్న మనిషి తప్ప ఇంకెవరూ గట్టిగా మాట్లాడకూడదన్నది ఆయన నియమం. నేను ఒకసారి కింద నుంచి ఏదో సలహా చెప్పబోతే చేత్తోనే ఆపేశాడు. నలభై ఏళ్లు పాఠం చెప్పినవాడికి కష్టమే అయినా, ఆయన చేసింది సబబు. సాయంత్రం నాలుగింటికి ఆరో భాగం కూర్చుంది.

ఆ తర్వాతి పని షాపు కుర్రాళ్లది, లోపాలు మళ్లీ అక్కడే మొదలయ్యాయి. స్టే వైరుకు కరెంటు స్తంభాలకు వాడే 2.5 మిల్లీమీటర్ల ఏడు పోగుల జీఐ తీగ తెప్పించాను. థింబుల్ అనే గాడి ఉంగరం చుట్టూ తీగ వంచి, దాన్ని దాని మీదికే మడిచి, బుల్‌డాగ్ క్లిప్పులతో బిగించాలి. ఆ క్లిప్పుకు ఒక పక్క జీనులాంటి గాడి ముక్క, మరో పక్క యు ఆకారపు బోల్టు. బరువు మోసే పొడుగు తీగ మీద గాడి ముక్క కూర్చోవాలి, మడిచిన తోక మీద యు బోల్టు కరవాలి. తిరగేసి బిగిస్తే బోల్టు అసలు తీగనే నొక్కి పోగులు నలిపేస్తుంది. పద్దెనిమిది క్లిప్పుల్లో అయిదు తిరగబడి ఉన్నాయి. "ఎటెడితే ఏటండి, బిగిసింది కదా" అని కుర్రాడి జవాబు. అన్నీ విప్పించి మళ్లీ వేయించాను. తీగ బిగువును మర తిప్పి సరిచేసే టర్న్‌బకిళ్లను ముందే చివరికంటా బిగించేశారు. రేపు తీగ సాగితే మళ్లీ బిగించడానికి మర ఏదీ? అవి తిరిగి వదులు కాకుండా వాటి కళ్లలోంచి కట్టాల్సిన సన్నని తీగ కూడా వేయలేదు, అది నేనే కట్టుకున్నాను. పై వరుస తీగల మధ్య వేసే గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్లను మాత్రం సరిగ్గా వేశారు. రెండు తీగల ఉచ్చులూ ఒకదానిలో ఒకటి చిక్కుకునేలా కడితే, పింగాణీ పగిలినా తీగ తెగి పడదు. కరెంటు లైన్ల దగ్గర చూసి నేర్చుకున్నట్టున్నారు.

ఎర్తింగు గురించి రెండు మాటలే. వారి ఎలక్ట్రీషియన్ అలవాటు ప్రకారం ఉప్పూ బొగ్గూ తెచ్చాడు. ఉప్పు నేలను తడిగా ఉంచే మాట నిజమే గాని, జీఐ పైపునూ పక్కనున్న టవరు పాదాన్నీ తినేస్తుంది. మా గాలిలో ఉన్న ఉప్పు చాలదన్నట్టు నేలలో కూడా పోయడం ఎందుకని తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి వేయించి, మూడు కాళ్ల నుంచీ మూడు రాడ్లకు కలిపించాను.

టవరు కొనన ఆరు కర్రలు గొడుగులా విచ్చుకున్న హెక్స్‌బీమ్ యాంటెన్నా ఉంది. ఇరవై మీటర్ల తరంగదైర్ఘ్యపు బ్యాండులో పాత పైపు మీద నుంచి వినబడని యూరప్ స్టేషన్లు సాయంత్రాలు ఇప్పుడు తీరిగ్గా మాట్లాడుతున్నాయి. ఎత్తు పెరిగేకొద్దీ తరంగం నేలకు దగ్గరి కోణంలో బయలుదేరి దూరం పోతుంది. ఆ ఖ్యాతి ఎత్తుది, షాపుది కాదు.

ఏడాదికోసారి వచ్చి చూసిపోతామని షాపు చెప్పిన నిర్వహణ ఒప్పందానికి మాత్రం నేను మార్కులు వేయలేను. మొదటి ఏడాది వచ్చారు, బోల్టులు బిగించారు, గ్రీజు పూశారు, బాగానే ఉంది. అయితే పాదం దగ్గర కాళ్లలో నీరు కారిపోవడానికి ఉంచిన చిన్న రంధ్రాలను దిమ్మెకు నునుపు చేస్తున్నామంటూ సిమెంటుతో మూసేశారు. నాకు తెలియలేదు. వానాకాలం మధ్యలో ఒకరోజు స్పానర్‌తో కాళ్లు కొట్టి చూస్తే రెండు కాళ్లు గుడిగంటలా మోగాయి, మూడోది నిండు కుండలా మూగగా పలికింది. సన్నని డ్రిల్లుతో సిమెంటు తొలిస్తే తుప్పురంగు నీళ్లు అరగంట కారాయి. పైపు లోపల నీళ్లు నిలిస్తే బయట జింకు ఎంత మెరిసినా లాభం లేదు, టవరు లోపలి నుంచే పోతుంది. రెండో ఏడాది ఎన్నిసార్లు ఫోన్ చేసినా "వచ్చే వారం" అన్నారు. బంగాళాఖాతంలో వాయుగుండం హెచ్చరిక వచ్చాక ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడిని పంపారు. వాడి దగ్గర బెల్టు లేదు, హెల్మెట్ లేదు, నడుముకు ఒక కొబ్బరితాడు. నేను ఎక్కనివ్వలేదు, టీ ఇచ్చి పంపేశాను. ఒక కొక్కెం విప్పేటప్పుడు రెండో కొక్కెం టవరుకు తగిలి ఉండేలా, ఒంటినిండా పట్టే బెల్టుకు రెండు తాళ్లు లేనివాణ్ణి 60 అడుగులు ఎక్కించడం హత్యాయత్నమే.

అప్పటి నుంచి విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మా ఊరాయన ఏటా సెప్టెంబరులో, తుఫానుల కాలం ముదరకముందు, టవరు చూస్తున్నారు. కింద చేయగలిగినది నేనే చేస్తాను. తీగ బిగువు చూడటానికి మీటరు అక్కర్లేదు. కింది వరుస తీగ పొడవు పదిహేను మీటర్ల పైచిలుకు. యాంకర్ దగ్గర దాన్ని అరచేత్తో ఒక్క దెబ్బ కొడితే ఆ అదురు పాములా పైకి పాకి, టవరుకు తగిలి, తిరిగొచ్చి చేతికి తడుతుంది. తెగే బలంలో పదో వంతు, అంటే మా తీగకు 230 కిలోల బిగువు ఉంటే, పది రాకపోకలకు 3.4 సెకన్లు పడుతుంది. అయిదు సెకన్లకు దగ్గరైతే బిగువు సగం జారిపోయిందన్నమాట. మూడు వైపులా ఒకే అంకె వచ్చేదాకా టర్న్‌బకిల్ తిప్పుతాను. కిందటేడు మా లైన్‌మన్‌గారు నలభై అడుగుల దగ్గర ఆగి, మెల్లగా దిగి వచ్చేశారు. యాంటెన్నాను తిప్పే రొటేటర్ పంజరంలో కందిరీగలు గూడు పెట్టాయి. బెల్టుతో కట్టుకుని ఉన్న మనిషి పారిపోలేడు, ఎత్తు కంటే అవే ఎక్కువ ప్రమాదం. ఆ గూడు ఖాళీ అయ్యేదాకా పది రోజులు ఆగాం.

ఖర్చు చూస్తే, 2022లో ఇనుము, పని, గాల్వనైజింగు, రవాణా కలిపి కిలోకు 135 రూపాయల చొప్పున టవరుకు దాదాపు 29 వేలు, పునాదులకు 18 వేలు, తీగలూ సామానుకూ 14 వేలు, ఎత్తుడు కూలి 12 వేలు అయింది. ఎత్తుడు కూలి ఎక్కువని కొందరన్నారు, నా దృష్టిలో అందరికంటే చవగ్గా దొరికింది ఆ నలుగురే. ఈ షాపుకు వెళ్లేవారు డ్రాయింగులోనే గాలి రంధ్రాలూ నీటి రంధ్రాలూ గుర్తుపెట్టి ఇవ్వండి. క్లిప్పులు బిగించే పూట పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. నిర్వహణ డబ్బు మాత్రం ముందుగా కట్టకండి.

కింది వరుసలో రెండు టర్న్‌బకిళ్ల మరలకు ఈ ఏడు తుప్పు కనిపించింది. కొత్తవి చేయించడానికి మళ్లీ అదే షాపుకు వెళ్లాను. ఈసారి పొడవు, మర ఎంతవరకు ఖాళీ ఉండాలి, ముంచుడు గాల్వనైజింగు, అన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టించాను. పెద్ద మేస్త్రీ ఆ కాగితం చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "తోక మీద యు బోల్టు కదండీ మాస్టారూ" అన్నాడు.